ఎర్రబడ్డ ముఖానికి తాగుబోతు ముద్ర వద్దు

మే నెలలో మణుగూరు ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది! 45 డిగ్రీలు ఇక్కడివారికి కొత్త అంకె కాదు. పొద్దున పది దాటితే రోడ్డు మీద మనిషి అలికిడి తగ్గిపోతుంది. అయినా ఓపెన్‌కాస్ట్ గనిలో పని ఆగదు. బొగ్గు లారీ ఆగదు. మిర్చి కల్లాల్లో కాయలు ఆరబోయడం, ఏరడం ఆగవు. సాయంత్రం ఇంటికి చేరిన మగవారి ముఖాలు కందిపోయి ఉంటాయి. చన్నీళ్లతో కడుక్కుని కాసేపు ఫ్యాను కింద కూర్చుంటే చాలామందికి ఆ కందుడు తగ్గిపోతుంది.

కొందరికి తగ్గదు. రాత్రి అన్నం తినే వేళకూ చెంపలు, ముక్కు మండుతూనే ఉంటాయి. వేసవి వెళ్లి వానలు పడినా ఆ ఎరుపు ముఖం మీదే ఉండిపోతుంది. ఈ వారం మన మాట ఆ కొందరి గురించే.

బొగ్గు లారీ నడిపే 42 ఏళ్ల మనిషిని ఒకరిని ఊహించుకుందాం. రెండేళ్లుగా అతడి ముక్కు, చెంపలు ఎర్రగా, మధ్యమధ్య చిన్న చిన్న పొక్కులతో ఉంటున్నాయి. టీ కొట్టు దగ్గర స్నేహితులు "ఏం బావా, పొద్దున్నే వేసుకొచ్చావా?" అని నవ్వుతారు. అతడు వారానికోసారి కూడా మందు ముట్టడు. మొదట్లో కాదని చెప్పేవాడు. తర్వాత చెప్పడం మానేసి, టీ కొట్టుకు వెళ్లడమే మానేశాడు. పెళ్లిళ్లలో ఫొటోకు నిలబడడు. ఒకరోజు మెడికల్ షాపులో అడిగితే ఓ ట్యూబు చేతిలో పెట్టారు. రాసిన నాలుగో రోజుకే ముఖం తేటపడింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ ట్యూబు ఏడాది పాటు అతడి జేబులోనే ఉంది. ఇప్పుడు ఒక్కరోజు రాయకపోతే ముఖం నిప్పుల మీద పెట్టినట్టు మండుతోంది. కళ్లలో ఇసుక పడ్డట్టుంటోంది. రాత్రిపూట ఎదురుగా వచ్చే లైట్లు చూడలేకపోతున్నాడు.

ఇతడు ఊహించుకున్న మనిషే అయినా, చర్మవ్యాధుల వైద్యుల దగ్గరికి ఇలాంటి కథతో వచ్చేవారు తక్కువేం కాదు. అతడి జబ్బు పేరు రొజేషియా. అతడికి జరిగిన నష్టంలో జబ్బు చేసింది కొంతే. మిగతాది చుట్టుపక్కలవారి వెటకారం, చీటీ లేకుండా చేతికందిన ఆ ట్యూబు కలిసి చేశాయి. మనం ఆపగలిగింది ఈ రెండో భాగాన్ని.

అసలు ఏమిటీ జబ్బు?

రొజేషియా దీర్ఘకాలం ఉండే చర్మవ్యాధి. ముఖం మధ్య భాగం, అంటే ముక్కు, చెంపలు, నుదురు, గడ్డం మీద వస్తుంది. ముందు అప్పుడప్పుడూ ముఖంలోకి వేడి ఆవిరి కొట్టినట్టవుతుంది. చర్మం కందుతుంది, తగ్గుతుంది. కొన్నాళ్లకు ఆ ఎరుపు పూర్తిగా తగ్గడం మానేస్తుంది. కొందరికి మొటిమల్లాంటి పొక్కులు, చీము పొక్కులు వస్తాయి. కొందరికి ముక్కు పక్కన, చెంపల మీద సన్నటి దారాల్లా రక్తనాళాలు కనిపిస్తాయి. మరికొందరికి ముక్కు చర్మం మందమెక్కి, గుంటలు గుంటలుగా ఉబ్బుతుంది.

ఎందుకొస్తుందంటే ఒకే కారణం చెప్పలేం. ముఖంలోని చిన్న రక్తనాళాలు, నరాలు వేడికీ ఎండకూ అతిగా స్పందిస్తాయి. చర్మంలో సూక్ష్మజీవులతో పోరాడే సహజ రక్షణ వ్యవస్థ అవసరానికి మించి రెచ్చిపోతుంది. అందరి చర్మం మీదా ఉండే డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగు ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువ సంఖ్యలో కనిపిస్తుంది. కుటుంబంలో ఎవరికైనా ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇది అంటువ్యాధి కాదు. ఒకే తువ్వాలు వాడినా, ఒకే కంచంలో తిన్నా ఒకరి నుంచి ఒకరికి రాదు. ముఖం సరిగ్గా కడుక్కోకపోవడం వల్ల వచ్చేదీ కాదు. నిజానికి సబ్బుతో పదే పదే రుద్ది కడిగితే ఎక్కువవుతుంది.

ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నిటినీ కలిపి 2018లో వేసిన లెక్క ప్రకారం పెద్దవారిలో 100 మందికి సుమారు 5 మందిలో ఈ జబ్బు ఉంది. ఆడవారిలో, మగవారిలో ఉండే శాతంలో పెద్ద తేడా లేదని ఆ లెక్క చెబుతోంది. సాధారణంగా 30 ఏళ్లు దాటాక మొదలవుతుంది.

మన రంగులో దాక్కునే ఎరుపు

"అది తెల్లవాళ్ల జబ్బు కదా" అని చాలామంది అనుకుంటారు. పుస్తకాల్లోని బొమ్మలన్నీ తెల్లటి ముఖాలవే కావడం అందుకు ఒక కారణం. తెల్లటి చర్మం మీద ఎరుపు దూరం నుంచే తెలుస్తుంది. గోదావరి గట్టున ఎండలో పనిచేసే నల్లటి, చామనఛాయ ముఖాల మీద అది ఎరుపుగా కనిపించకపోవచ్చు. గోధుమ రంగులో, కొంచెం ఊదా రంగు కలిసి, ముఖం నల్లబడినట్టు కనిపిస్తుంది. అందుకే "ఎండకు నల్లబడ్డాడు" అని వదిలేస్తారు. పొక్కులు వస్తే "ఈ వయసులో మొటిమలేంట్రా" అని నవ్వేస్తారు.

కాబట్టి మనవాళ్లు రంగు మీదే ఆధారపడకూడదు. ఈ గుర్తులు చూసుకోవాలి. ముఖం తరచూ వేడెక్కుతోందా? నీళ్లు, సబ్బు, క్రీమ్ ఏది తగిలినా చురుక్కుమంటోందా? వేడి టీ తాగినా, కారం తిన్నా, కోపం వచ్చినా ముక్కు చెంపలు భగ్గుమంటున్నాయా? ముఖం మధ్యభాగం చెవుల పక్కన ఉండే చర్మం కంటే వేరే రంగులో ఉందా? పొక్కులు ఉన్నా, మామూలు మొటిమల్లో ఉండే నల్లటి ముక్కులు, తెల్లటి గింజలు లేవా? రెండు మూడింటికి అవునంటే వైద్యుడికి చూపించాలి. ముఖం బాగా కందినప్పుడు పగటి వెలుతురులో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆసుపత్రికి వెళ్లే వేళకు ఎరుపు తగ్గిపోతే ఆ ఫొటోయే మీ తరఫున సాక్ష్యం చెబుతుంది.

మగవారిలోనే ఎందుకు ముదురుతుంది?

ముక్కు ఉబ్బి, గడ్డలు కట్టే దశను రైనోఫైమా అంటారు. ఇది ఎక్కువగా మగవారిలోనే కనిపిస్తుంది. చర్మం కింద నూనె గ్రంథులు పెరిగిపోవడం, చర్మం మందమెక్కడం దీనికి కారణం. ఇటలీ చిత్రకారుడు ఘిర్లాండాయో 1490 ప్రాంతంలో గీసిన ఒక చిత్రంలో ఇలాంటి ముక్కున్న తాత ముఖంలోకి మనవడు ఆప్యాయంగా చూస్తుంటాడు. ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది ఆ చిత్రం. అంటే ఈ ముక్కు మనిషికి అయిదు వందల ఏళ్లకు పైగా తెలుసు. ఆ మనవడికి ఉన్న సంస్కారం మాత్రం మనకు అబ్బలేదు. అలాంటి ముక్కు కనిపిస్తే ఇంగ్లిషువారు "తాగుబోతు ముక్కు" అన్నారు. మనవాళ్లు "ఏం పట్టించాడో" అంటారు.

మద్యం సంగతి సూటిగానే చెప్పుకుందాం. జబ్బు ఉన్నవారిలో చాలామందికి మద్యం తాగగానే ముఖం మండిపోతుంది. అమెరికాలో 80 వేలకు పైగా మహిళలను 14 ఏళ్లు గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మద్యం తాగేవారికి రొజేషియా వచ్చే ముప్పు కొంత ఎక్కువని తేలింది. కాబట్టి కల్లు, ఇప్పసారా, విస్కీ ఏదైనా తగ్గిస్తే మేలే. అయితే జీవితంలో చుక్క ముట్టనివారికీ ఈ జబ్బు వస్తుంది. రోజూ తాగేవారిలో చాలామందికి రాదు. ముఖం చూసి మనిషి అలవాట్లు తేల్చడం కుదరదు. ఆ పని చేసినప్పుడల్లా మనం ఒక రోగిని ఆసుపత్రికి దూరం చేస్తున్నాం.

మగవారిలో జబ్బు ముదరడానికి మరో కారణం వారి అలవాటు. ముఖం గురించి మాట్లాడటం ఆడంగితనం అన్నట్టు పెంచుతాం మగపిల్లల్ని. చర్మానికి ఏదైనా అయితే భార్య పదిసార్లు చెబితేగానీ కదలరు. అప్పటికి రెండు మూడేళ్లు గడిచిపోతాయి. దానికి తోడు రోజూ గడ్డం గీసుకోవడం ఉంటుంది. మొద్దుబారిన బ్లేడు, నురగ ఎక్కువొచ్చే సబ్బు, ఆపైన పటిక రుద్దడం, మంట పుట్టించే ఆఫ్టర్‌షేవ్. సెలూన్‌లో ఆవిరి పట్టి, బ్లీచ్ పూసి చేసే ఫేషియల్ సరేసరి. మామూలు చర్మం వీటిని తట్టుకుంటుంది. రొజేషియా ఉన్న చర్మానికి ఇవన్నీ పుండు మీద కారమే.

నాలుగు రోజుల్లో తేటపరిచే ట్యూబు

ఇక అసలు శత్రువు దగ్గరికి వద్దాం. ముఖానికి ఏదైనా అయిందంటే మన ఊళ్లలో మొదటి మజిలీ మెడికల్ షాపు, లేదంటే ఆర్‌ఎంపీ. చేతికొచ్చే ట్యూబులో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. బీటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ లాంటివి. కొన్నిటిలో తామర మందు, యాంటీబయాటిక్ కూడా కలిపేసి ఉంటాయి. కొన్నిటిని తెల్లబడే క్రీములుగానూ వాడేస్తున్నారు.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. సరైన జబ్బుకు, సరైన చోట, సరైన రోజులు వాడితే గొప్ప మందు. కానీ ముఖ చర్మం పలుచన. అక్కడ నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలుచబడుతుంది, రక్తనాళాలు పైకి తేలతాయి, పొక్కులు లేస్తాయి, వెంట్రుకలు పెరుగుతాయి. మొదట్లో రక్తనాళాలను బిగించి ఎరుపును దాచేస్తుంది కాబట్టి రోగికి బాగైనట్టే అనిపిస్తుంది. మానగానే ఎరుపు రెట్టింపుతో తిరిగొస్తుంది. దాంతో మళ్లీ రాస్తారు. ఇలా ముఖం ఆ ట్యూబుకు బానిసవుతుంది. లేని రొజేషియాను కూడా స్టెరాయిడ్ పుట్టించగలదు. ఉన్నదాన్ని ముదిరేలా చేయగలదు.

ఈ బెడద మన దేశంలో ఎంతగా పెరిగిందంటే, దీనికి మన చర్మవైద్యులే "స్టెరాయిడ్ దెబ్బతీసిన ముఖం" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాలలో ముఖ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో 433 మంది, అంటే దాదాపు 15 శాతం మంది స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నారు. ఆ 433 మందిలో సగానికి పైగా వైద్యుడు కానివారి సలహాతోనే మొదలుపెట్టారు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల జాబితాలోకి చేర్చింది. చట్టం కాగితం మీద ఉంది. కౌంటర్ మీద ఏం జరుగుతోందో ప్రతి పాఠకుడికీ తెలుసు.

మీ ఇంట్లో ఉన్న ట్యూబు తీసి చిన్న అక్షరాలు చదవండి. మందు పేరు చివర "సోన్", "టసోల్", "నైడ్" లాంటి తోకలు కనిపిస్తే అది స్టెరాయిడ్ అయ్యే అవకాశం ఎక్కువ. నెలల తరబడి ముఖానికి రాస్తూ ఉంటే మాత్రం భయపడి ఒక్కసారిగా పారేయకండి. ఎలా తగ్గించాలో, మానేటప్పుడు వచ్చే మంటకు ఏం వాడాలో చర్మవైద్యుడు చెబుతాడు. మానిన తర్వాత కొన్ని వారాలు ముఖం మరింత ఎర్రబడటం మామూలే. అది ట్యూబు కావాలని ముఖం అడగడం కాదు, ట్యూబు వదులుతున్న బాధ.

ఎర్రగా ఉన్నదల్లా రొజేషియా కాదు

ఇంత చదివాక మీకు మీరే రొజేషియా అని తీర్మానించుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. ముఖం ఎర్రబడే జబ్బులు ఇంకా ఉన్నాయి.

కనుబొమలు, ముక్కు మడతల్లో పొట్టు రాలుతుంటే అది చుండ్రు తరహా చర్మవ్యాధి కావచ్చు. చెంపల మీద ఎరుపుతో పాటు కీళ్లనొప్పులు, నోటి పూత, విడవని జ్వరం ఉంటే లూపస్ కోసం పరీక్షలు అవసరం. అది ఆడవారిలో ఎక్కువే గానీ మగవారికీ వస్తుంది. రక్తపోటుకు వాడే అమ్లోడిపిన్ లాంటి మాత్రలతో కొందరికి ముఖంలోకి వేడి కొడుతుంది. అలాంటప్పుడు మాత్ర మానేయకూడదు, రాసిన వైద్యుడికి చెప్పాలి.

మరొకటి తప్పక గుర్తుంచుకోవాలి. ముఖం మీద ఎర్రటి లేదా పాలిపోయిన మచ్చ, దానిలో స్పర్శ తెలియకపోవడం, చెవి తమ్మెలు దళసరెక్కడం, కనుబొమల వెంట్రుకలు రాలడం, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం ఉంటే కుష్ఠు అనుమానించాలి. దీనికి మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. త్వరగా పట్టుకుంటే పూర్తిగా నయమవుతుంది. ఇలాంటి మచ్చ మీద నెలల తరబడి ఏదో ఒక ట్యూబు రాస్తూ కూర్చుంటే నరాలు దెబ్బతినే దాకా జబ్బు బయటపడదు. చూడకుండా క్రీమ్ ఇవ్వడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కళ్లను మరవొద్దు

రొజేషియా ఉన్నవారిలో సగం మంది దాకా కళ్ల ఇబ్బంది ఉంటుందని వైద్యుల అంచనా. కొందరికి ముఖం కంటే ముందు కళ్లే మొదలుపెడతాయి. ఇసుక పడ్డట్టు గరగర, మంట, నీరు కారడం, రెప్పల అంచుల్లో పొట్టు, మాటిమాటికీ కంటికురుపులు. బొగ్గు దుమ్ములో, మిర్చి ఘాటులో పనిచేసేవారు వీటిని దుమ్ము ఖాతాలో, ఘాటు ఖాతాలో వేసేస్తారు. పట్టించుకోకపోతే కంటి నల్లగుడ్డు మీద పొర దెబ్బతిని చూపు తగ్గే ప్రమాదం ఉంది.

లారీ నడిపేవారికి, యంత్రాల మీద పనిచేసేవారికి చూపే బతుకు. వెలుతురు చూడలేకపోవడం, కన్ను నొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆలస్యం చేయకుండా కంటి వైద్యుడిని కలవాలి. ముఖం మీద రొజేషియా ఉందని ఆయనకూ చెప్పాలి. కంట్లో కూడా సొంతంగా స్టెరాయిడ్ చుక్కలు వేసుకోకూడదు.

చికిత్స ఉంది, ఓపిక కావాలి

రొజేషియాను వేళ్లతో సహా పీకేసే మందు ఇంకా రాలేదు. అదుపులో పెట్టే మందులు మాత్రం బాగానే ఉన్నాయి. బీపీ, షుగర్‌లాగే దీన్నీ చూడాలి.

పొక్కులు ఉన్నప్పుడు మెట్రోనిడజోల్ జెల్, అజెలాయిక్ యాసిడ్, 1 శాతం ఐవర్‌మెక్టిన్ క్రీమ్ లాంటి పూత మందులు రాస్తారు. జబ్బు కాస్త ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. దీన్ని తక్కువ మోతాదులో క్రిములను చంపడానికి కాక, వాపు తగ్గించడానికి వాడతారు. ఇక్కడ మణుగూరు పాఠకుడికి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. డాక్సీసైక్లిన్ వాడేవారికి ఎండ త్వరగా కాటు వేస్తుంది. మీరు రోజంతా ఎండలో పనిచేస్తారన్న సంగతి వైద్యుడికి ముందే చెప్పండి. ఆ మాత్రను నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. లేదంటే అన్నవాహికలో పుండు పడుతుంది.

మొండికేసిన జబ్బుకు, ముక్కు మందమెక్కడం మొదలైనవారికి తక్కువ మోతాదులో ఐసోట్రెటినాయిన్ ఇస్తారు. అది వాడేటప్పుడు రక్తంలో కొవ్వు, కాలేయం పరీక్షలు చేయించాలి, రక్తదానం చేయకూడదు. పైకి తేలిన రక్తనాళాలకు లేజర్ ఉంది. మన చర్మం రంగుకు తగిన లేజర్, అనుభవం ఉన్న చేయి దొరక్కపోతే మచ్చలు పడతాయి. తొందరపడి ఎక్కడపడితే అక్కడ చేయించుకోవద్దు. బాగా ఉబ్బిన ముక్కును లేజర్‌తోనో, శస్త్రచికిత్సతోనో చెక్కి ఆకారం సరిచేస్తారు. ఫలితాలు బాగుంటాయి. అరవై ఏళ్లవారు కూడా "ఇప్పుడెందుకులే" అనుకోనక్కర్లేదు.

పూత మందులు పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. స్టెరాయిడ్‌లా నాలుగు రోజుల్లో మెరుపు రాదు. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. పదిహేను రోజులు రాసి "ఈ మందు పనిచేయడం లేదు" అని పాత ట్యూబుకు వెళ్తారు. త్వరగా పనిచేసేదే మంచి మందు అన్న నమ్మకం ఈ జబ్బు విషయంలో తలకిందులు.

"ఎండలోకి వెళ్లకు" అంటే కుదరదు

వైద్య పుస్తకం తీస్తే మొదటి సలహా ఎండకు దూరంగా ఉండమని. అమెరికాలో వెయ్యి మందికి పైగా రోగులను అడిగిన ఒక సర్వేలో 81 శాతం మంది ఎండ వల్ల, 75 శాతం మంది వేడి వాతావరణం వల్ల తమ జబ్బు రేగుతుందని చెప్పారు. మానసిక ఒత్తిడి 79 శాతం, మద్యం 52 శాతం, కారం, మసాలాలు 45 శాతం. ఎండ, వేడి, ఒత్తిడి, కారం, సాయంత్రం మందు. ఇది సగటు పారిశ్రామిక పట్టణపు మగవాడి దినచర్యలా లేదూ! ఒకవైపు గనులు, మరోవైపు భారజల కర్మాగారం, భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, చుట్టూ మిర్చి చేలు ఉన్న చోట "నీడలో ఉండండి" అని చెప్పి చేతులు దులుపుకోవడం సలహా కాదు, వెక్కిరింత.

చేయగలిగినవి చెప్పుకుందాం. తలకు చుట్టిన తువ్వాలు ఎండను కొంత ఆపుతుంది గానీ ముక్కు చెంపలను కాపాడదు. అంచు వెడల్పైన టోపీ మేలు. హెల్మెట్ తప్పనిసరైన చోట దాని ముందు అంచు, వెనక మెడ గుడ్డ ఉన్నవి అడగాలి. మెడ చుట్టూ తడి గుడ్డ వేసుకుంటే ఒళ్లు చల్లబడి ముఖంలోకి వచ్చే వేడి తగ్గుతుంది. విరామంలో ఒక్కసారిగా లీటరు నీళ్లు తాగేకంటే చల్లటి నీళ్లు కొంచెం కొంచెంగా తాగుతుండాలి. కుంపటి, ఇంజిన్ వేడి నేరుగా ముఖానికి కొట్టకుండా చూసుకోవాలి.

సన్‌స్క్రీన్ ఆడవారి సామాను కాదు, బూట్లు, హెల్మెట్ లాంటి రక్షణ సామాగ్రే. ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, జింక్ ఆక్సైడ్ ఉన్నవి మంట తక్కువ పుట్టిస్తాయి. చెమటకు కారిపోతుంది కాబట్టి రెండు గంటలకోసారి తుడుచుకుని మళ్లీ రాయాలి.

టీ మానక్కర్లేదు. పొగలు కక్కేది కాకుండా కాస్త ఆరనిచ్చి తాగండి. చాలామందికి ఇబ్బంది టీతో కాదు, దాని వేడితో. కారం అందరికీ పడకపోవడం ఉండదు. నాలుగు వారాలు ఒక చిన్న పుస్తకంలో ఏం తిన్న రోజున, ఏ పని చేసిన రోజున ముఖం మండిందో రాసుకుంటే మీ శత్రువెవరో మీకే తెలుస్తుంది. అందరి జాబితా చూసి అన్నీ మానేయనక్కర్లేదు.

గడ్డం రోజు విడిచి రోజు గీసుకోండి, లేదా ట్రిమ్మర్ వాడండి. గోరువెచ్చని నీళ్లతో తడిపి, పదునైన బ్లేడుతో, వెంట్రుక వాలిన వైపే గీయండి. పటిక, ఆఫ్టర్‌షేవ్ మానేసి, వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా, ముల్తానీ మట్టి ముఖం దరిదాపులకు రానివ్వద్దు.

ఎవరి పని వారు చేస్తే

రోగికి ఇన్ని చెప్పాం. మిగతావారికీ చెప్పాలి.

మెడికల్ షాపుల వారికి: చీటీ లేకుండా ముఖానికి స్టెరాయిడ్ ఇవ్వడం చట్టవిరుద్ధమే కాదు, ఊళ్లో మిమ్మల్ని నమ్మి వచ్చిన మనిషికి చేసే అన్యాయం. "ఇది డాక్టరు చూశాకే ఇస్తాను" అన్న ఒక్క మాటతో ఏడాది బాధ తప్పుతుంది. ఆర్‌ఎంపీలకూ ఇదే విన్నపం.

యాజమాన్యాలకు: గని కార్మికులకు కొన్నేళ్లకోసారి వైద్య పరీక్షలు జరుగుతాయి. ఊపిరితిత్తులు, చూపు, వినికిడి చూస్తారు. ఆ వేళ ముఖ చర్మాన్ని, కంటిరెప్పలను చూసి రెండు ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు చాలు. ఇనుప టోపీ ఇచ్చినట్టే సన్‌స్క్రీన్, మెడ గుడ్డ ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

వైద్య వ్యవస్థకు: శాశ్వత ఉద్యోగికి కంపెనీ ఆసుపత్రి ఉంటుంది. లారీ డ్రైవరుకు, మిర్చి కూలీకి, అడవి అంచు గూడెంలో ఉండే కోయ రైతుకు చర్మవైద్యుడంటే భద్రాచలమో, కొత్తగూడెమో, ఖమ్మమో ప్రయాణం, ఒకరోజు కూలి పోవడం. ప్రభుత్వం ఉచితంగా నడిపే ఈ-సంజీవని దూరవైద్యం ఇలాంటి జబ్బులకు అతికినట్టు సరిపోతుంది. చర్మం చూపించదగ్గ జబ్బు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మంచి వెలుతురులో కూర్చోబెట్టి చర్మవైద్యుడికి చూపించగలిగితే సగం ప్రయాణాలు తప్పుతాయి. ఏరియా ఆసుపత్రుల్లో చర్మవైద్యుడు వారంలో ఏ రోజు ఉంటాడో ఊరందరికీ తెలిసేలా బోర్డు పెడితే మిగతా సగం ప్రయాణాలు వృథా కావు.

ఇక మనందరికీ: టీ కొట్టు దగ్గర ఎర్రటి ముఖంతో కనిపించిన మనిషిని చూసి వచ్చే ఆ జోకు మింగేద్దాం. అతడు తాగాడో లేదో మనకు తెలియదు. తాగినా ఆ ఎరుపు దానివల్లే వచ్చిందని తెలియదు. "ఎన్నాళ్లుగా ఉంది బావా? చూపించుకున్నావా?" అని అడుగుదాం. ఆ ప్రశ్న అడిగినవాడే అతడికి మొదటి వైద్యుడు.